వెనక పేజీ

కౌన్సెలర్ కాగితం తిప్పడు. ఆయన గది బయట స్టూలు మీద కూర్చునే ఆయమ్మకి ఆ సంగతి తెలిసినంత బాగా ఆ హైస్కూల్లో ఇంకెవరికీ తెలియదు.

కొత్తగా తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలు రెండువందల పదిమంది. ఒక్కొక్కరికి ఒక కాగితం. ముందు పేజీలో పేరు, తల్లిదండ్రులు చేసే పని, ‘నా లక్ష్యం’ అన్న మాట కింద రెండు గీతలు. వెనక పేజీలో చేరేటప్పుడు పెట్టిన లెక్కల పరీక్ష మార్కులు. ఆ కాగితాలకి స్టేపుల్ కొట్టి ఫైళ్ళలో పెట్టింది ఆయమ్మే. యాభైకి ఎవరికెన్ని వచ్చాయో వరసగా చూసుకుంటూ కొట్టింది. కౌన్సెలర్ చూసేది మాత్రం ముందు పేజీలో మూడో గీత. తండ్రి చేసే పని.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆయన వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయమ్మ టీ తెచ్చి సాసర్ మూత పెట్టి వెళ్ళేసరికి పని మొదలైపోయింది. ఎడమ పక్కకి ఒకటి, కుడి పక్కకి మూడు. ఎడమకి ఒకటి, కుడికి నాలుగు. పేకముక్కలు పంచినట్టు పంచాడు. ఎడమ దొంతర వాళ్ళకి పై స్థాయి లెక్కలు, అంటే ‘పై లెక్కలు’; కుడి దొంతర వాళ్ళకి మామూలు లెక్కలు. తొమ్మిదిలో పై లెక్కలు దొరకని పిల్లలకి పదకొండులో సైన్సు ఇవ్వరు. సైన్సు లేకపోతే ఆ తర్వాత ఏమేం కాలేరో చెప్పే పట్టిక ఒకటి ఆయన గోడకే ఉంది. పై లెక్కల గదిలో ముప్ఫై ఆరు బల్లలు పట్టాయి కాబట్టి ముప్ఫై ఆరు సీట్లు. రెండో టీ అయ్యేసరికి రెండువందల పదిమంది నాలుగేళ్ళూ తేలిపోయాయి. దీన్ని నాలుగేళ్ళ ప్రణాళిక అంటారు. ఎలా వేయాలో చెప్పడానికి ఆయన ఏటా వేరే స్కూళ్ళకి వెళ్ళి ఉపన్యాసం కూడా ఇచ్చి వస్తాడు.

తర్వాత పిల్లల వంతు. బెల్లు మోగితే ఆయమ్మ ఒకరిని లోపలికి పంపాలి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. తలుపు సగం తెరిచే ఉంటుంది.

“నీ లక్ష్యం ఏంటి బాబూ?”

“పైలట్ సార్.”

“శభాష్. నాన్న ఏం చేస్తాడు?”

“బస్సు డ్రైవర్ సార్.”

“అదీ నడపడమేగా. మామూలు లెక్కలు రాస్తున్నా. ఇక్కడ సంతకం పెట్టు.”

తర్వాత ఇంకో పిల్ల.

“నీ లక్ష్యం ఏంటమ్మా?”

“ఇంకా అనుకోలేదు సార్.”

“నాన్నగారు?”

“పళ్ళ డాక్టర్.”

“ఏం ఫర్వాలేదు, నిదానంగా అనుకో. పై లెక్కలు రాశాను. ఈ వయసులో తలుపులన్నీ తెరిచి ఉంచుకోవాలి.”

ఆ పిల్ల కాగితం వెనక ఇరవై రెండు మార్కులున్నాయి.

ఆయమ్మ మూతి విరిచింది. ఆయనకి ఆమె పెట్టుకున్న పేరు చిలక లేని జోస్యుడు. తోటి ఆయాతో అంటుంది కూడా: “జోస్యుడైతే కనీసం చెయ్యి పట్టుకుని చూస్తాడే. ఈయనకి ఆ కష్టం కూడా వద్దు.”

పదిన్నరకి కుడి దొంతర జారిపోతుంటే సర్దడానికి లోపలికి వెళ్ళింది. పైన ఉన్న ఫైలు మీద తండ్రి పని అన్నచోట ‘తాళాలు బాగుచేయుట’ అని ఉంది. గేటు ఎదురుగా గొడుగు కింద కూర్చునే తాళాలాయన కూతురు. ఆ కాగితం వెనక నలభై ఏడు. రెండువందల పదిమందిలో అంతకంటే ఎక్కువ ఎవరికీ రాలేదు.

కౌన్సెలర్‌తో అనడం ఆమె ఏనాడో మానేసింది. సుద్దముక్కల పెట్టె పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్ళి, లెక్కల మేడమ్ బల్ల మీద పెట్టింది.

“మేడమ్, తాళాలాయన కూతురికి నలభై ఏడొచ్చాయి కదా.”

“అవును. ఏం?”

“కుడి పక్కన పెట్టారు.”

“కుడి పక్కనంటే?”

“మామూలు లెక్కలు.”

లెక్కల మేడమ్ దిద్దుతున్న పెన్నుకి మూత పెట్టి లేచింది. కౌన్సెలర్ గదిలోకి వెళ్ళి ఫైలు అడగలేదు, తనే తీసింది. కాగితం తిప్పి వేలు పెట్టి చూపించింది.

“ఇది చూశారా సార్?”

“చూడకుండా ఉంటానా మేడమ్!” అన్నాడు కౌన్సెలర్ కళ్ళజోడు సర్దుకుంటూ. “మార్కులొక్కటే కాదు కదా, ఇంటి వాతావరణం కూడా చూసుకోవాలి. పై లెక్కలంటే ఇంట్లో చెప్పేవాళ్ళుండాలి.”

“చెప్పడానికే కదా సార్ నాకు జీతమిస్తున్నారు.”

ఫైలు ఎడమ దొంతర మీద పెట్టి ఆమె వెళ్ళిపోయింది. ముప్ఫై ఆరు మించకుండా ఆయన ఆ దొంతరలోంచి ఇంకొకటి లాగి కుడి పక్కకి వేశాడు. ఆయమ్మ స్టూలు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం గేటు దాటుతుంటే తాళాలాయన ఆకురాయితో ఒక తాళంచెవి పళ్ళు అరగదీస్తున్నాడు.

“తమ్ముడూ, మీ పిల్లకి పై లెక్కలొచ్చాయి.”

ఆకురాయి ఆగింది. “నిజంగానా అక్కా? సారు ఎంత మంచాయనో.”

“ఆయన మంచితనం సంగతి నాకు తెలుసులే. నీ కూతురు మంచిది, అది చాలు.”

“ఆ లెక్కలొస్తే ఏమవుద్దక్కా?”

“వస్తే ఏమైనా అవ్వచ్చు. రాకపోతే అవ్వలేరు. అంతవరకే నాకూ తెలుసు.”

అతను తాళంచెవిని ప్యాంటుకి రుద్ది వెలుతురులో పెట్టి చూశాడు. మళ్ళీ రుద్దాడు.

ఇంట్లో ఆయమ్మ ఆ రోజు సంగతంతా గొంతు మార్చి మార్చి చెప్పింది. “‘అదీ నడపడమేగా’ అన్నాడు, బస్సూ విమానమూ ఒకటేనట!” ఆమె భర్త గోడలకి రంగులేస్తాడు. మోచేతుల దాకా అంటిన తెల్లరంగుని కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ నవ్వాడు.

“చిలక లేని జోస్యుడంటావే గానీ, ముక్కలు తీసి ఇచ్చేదెవరు? నువ్వేగా చిలకవి.”

ఆమె తువ్వాలు తీసి అతని మీదకి విసిరింది.

“అమ్మా, నాదెప్పుడు?” అంది కూతురు.

“ఎల్లుండి.”

“నాకు ముప్ఫై ఎనిమిది కదా. పై లెక్కలు వస్తాయా?”

ఆయమ్మకి ఆ జవాబు తెలుసు. మార్కుల ప్రకారం వరస కడితే ముప్ఫై ఆరో పిల్లకి నలభై ఒకటి. తన కూతురి ఫైలు కుడి దొంతరలో కింద నుంచి నాలుగోది.

“చూద్దాంలే చిన్నీ.”

“ఆ సార్‌ని ఒక మాట అడగరాదూ?” అన్నాడు భర్త.

“ఆయన్నా? ఆయనకి చెప్పుకునేకంటే గోడకి చెప్పుకోవడం నయం.”

“గోడలు మంచివే. పొద్దస్తమానం వాటితోనేగా నా మాటలు.”

కూతురు నవ్వలేదు. గిన్నెలు తోముతున్నంతసేపూ ఆయమ్మకి పళ్ళ డాక్టరు కూతురి ఇరవై రెండే గుర్తొచ్చింది. ఇరవై రెండుకి ఇచ్చినవాడు ముప్ఫై ఎనిమిదికి ఎందుకివ్వడు? మూకుడు తోమిందే తోమింది.

మంగళవారం ఆమె అడగలేదు. ఆయనే అడిగాడు.

పదకొండింటికి టీ పెట్టి వెనక్కి తిరుగుతుంటే, “ఏమ్మా,” అన్నాడు. “మీ అమ్మాయి కూడా మన స్కూల్లోనే చేరిందటగా? హెడ్మిస్ట్రెస్ గారు చెప్పేదాకా నాకు తెలియదు. ఒక మాట చెప్పాలా వద్దా?”

ఆమె ఆయనకి టీ ఇవ్వడం మొదలుపెట్టి పదకొండేళ్ళు. ఆమెకి పిల్లలున్నారని ఆయనకి నిన్నటి దాకా తెలియదు. ఎప్పుడైనా ఆయన అడిగితే ఏమనాలో ఆమె చాలాసార్లు అనుకుంది. ‘కాగితం తిప్పండి సార్, నేనేమీ అడగను’ అనాలనుకుంది.

“మీ దయ సార్,” అంది.

రెండు చేతులూ ముందుకి ఎప్పుడు వచ్చి కట్టుకున్నాయో ఆమె చూసుకోలేదు.

“దయదేముందమ్మా, మన మనిషివి. ఏదీ, ఆ ఫైలు ఇలా తే.”

కుడి దొంతర అడుగు నుంచి ఆమే లాగి ఇచ్చింది. ఆయన తెరిచాడు. మూడో గీత మీద వేలు ఆగింది. పెయింటర్. దాని కింద, తల్లి చేసే పని అన్నచోట, కూతురు గుండ్రంగా రాసింది: ‘ఈ స్కూల్లోనే ఆయా’. ఆయన బొటనవేలు కాగితం అంచు మీదకి జరిగింది. పదకొండేళ్ళలో మొదటిసారి, ఆయన కాగితం తిప్పకూడదని ఆయమ్మ కోరుకుంది.

తిప్పలేదు. ఫైలు ఎడమ దొంతర మీద పెట్టాడు.

“పంచదార కాస్త తగ్గించమ్మా,” అన్నాడు.

“అలాగే సార్.”

బుధవారం బెల్లు మోగినప్పుడు బెంచీ మీద మిగిలింది తన కూతురే. ఆయమ్మ పిల్ల జడ సరిచేసి లోపలికి పంపింది.

“నీ లక్ష్యం ఏంటమ్మా?”

“లెక్కల టీచర్ అవ్వాలని సార్.”

“శభాష్. మీ అమ్మలాగా కష్టపడాలి. పై లెక్కలు రాశాను. సంతకం పెట్టు.”

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. కూతురు బయటికి వచ్చి స్టూలు దగ్గర నిలబడింది.

“అమ్మా, ఆయన నా మార్కులు చూడలేదు.”

“చూసే ఉంటారులే.”

“లేదు. నేను ఆయన చేతుల్నే చూస్తున్నా. చూడకుండా ఎలా ఇచ్చారు?”

“ఇచ్చారు కదా. ఇంకేం కావాలి నీకు? వెళ్ళు, క్లాసుకి టైమైంది.”

పిల్ల రెండడుగులు వేసి ఆగింది. “తాళాలాయన కూతురు నా పక్కనే కూర్చుంటానంది. తెలియనివి చెప్తుందట. తనకి నలభై ఏడు తెలుసా?”

“తెలుసు,” అంది ఆయమ్మ.

గురువారం మధ్యాహ్నం కౌన్సెలర్ ఎడమ దొంతర లెక్కపెట్టాడు. ఆయమ్మ బల్ల తుడుస్తోంది. ఆయన మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్ఫై ఏడు.

“ఒకటి ఎక్కువైందేంటి?” అన్నాడు. కాసేపటికి తనకే గుర్తొచ్చినట్టు ఆమె వైపు చూసి నవ్వాడు.

“స్టోరు రూములో ఒక బల్ల ఉంది సార్. కాలు కొంచెం ఊగుతుంది. మా ఆయన బాగుచేస్తాడు.”

“బల్లదేముందమ్మా. పైకి ముప్ఫై ఆరని రాసి పంపేశాం. ముప్ఫై ఏడైతే ఎందుకైందని అడుగుతారు.”

పెన్సిల్ తీసి పేర్ల వెంట కిందికి నడిపించాడు. పళ్ళ డాక్టరు కూతురి దగ్గర అది ఆగలేదు. బ్యాంకు మేనేజరు కొడుకు దగ్గర ఆగలేదు. తాళాలాయన కూతురి దగ్గర ఆగింది.

“ఈ పిల్లయితే ఇబ్బంది లేదు. వీళ్ళెవరూ వచ్చి అడగరు.”

ఆయమ్మ చేతిలో గుడ్డ కదలడం మానేసింది. “లెక్కల మేడమ్ చెప్పారు కదా సార్ ఆ అమ్మాయి సంగతి.”

“మేడమ్ ట్రైనింగ్‌కి వెళ్ళారు. సోమవారం గానీ రారు. అప్పటికి లిస్టు వెళ్ళిపోతుంది.”

“ఆ పిల్లకి నలభై ఏడొచ్చాయి సార్.”

కౌన్సెలర్ తలెత్తాడు. గుమ్మం పక్క స్టూలుకి నోరొచ్చినట్టు చూశాడు.

“నీకెలా తెలుసు?”

“స్టేపుల్ కొట్టింది నేనే సార్.”

ఆయన దొంతరలోంచి ఒక ఫైలు లాగాడు. తెరిచాడు. కాగితం పై మూల పట్టుకుని, తొందర లేకుండా, తిప్పాడు. అక్కడున్నది చదివాడు. మళ్ళీ ముందు పేజీకి తిప్పి, పేరు ఆమెకి కనబడేలా ఫైలు బల్ల మీద పెట్టాడు. కూతురి పేరు.

“ముప్ఫై ఎనిమిది,” అన్నాడు. “మార్కుల ప్రకారమే వెళ్దామంటే నాకేం అభ్యంతరం లేదమ్మా. చెప్పు, అలాగే చేద్దాం.”

బయట ఎవరో పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్ళారు. ఆయమ్మ గుడ్డ మడిచింది. మడిచిన గుడ్డని మళ్ళీ మడిచింది. టీ కప్పు తీసుకుంది.

“ఇంకా తాగలేదు,” అన్నాడు కౌన్సెలర్.

కప్పు అక్కడే పెట్టేసి బయటికి వచ్చింది. మూడింటికి బెల్లు మోగితే లోపలికి వెళ్ళింది. ఆయన లిస్టు చేతికిచ్చాడు. ముప్ఫై ఆరు పేర్లు. నోటీసు బోర్డుకి ఆమే అంటించింది. నాలుగు మూలలా జిగురు రాసి, మధ్యలో గాలి బుడగ లేకుండా అరచేత్తో ఒత్తింది. కింద ఒక వాక్యం ఉంది: అభ్యంతరాలుంటే శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలలోపు కౌన్సెలర్ గది బయట ఉంచిన పుస్తకంలో రాయవలెను.

ఆ పుస్తకం ఉంచేది ఆమె స్టూలు పక్కనున్న చిన్న బల్ల మీద. దారంతో కట్టిన పెన్ను ఒకటి ఉంటుంది. ఆ పుస్తకంలో ఎవరూ ఏమీ రాయరు. బస్సు డ్రైవర్లకి అలాంటి పుస్తకం ఒకటుందని తెలియదు. పళ్ళ డాక్టర్లకి దాని అవసరం రాదు.

శుక్రవారం రెండున్నరకి తాళాలాయన వచ్చాడు. చేతులు కడుక్కుని వచ్చాడు, అయినా గోళ్ళ చుట్టూ నలుపు ఉంది. చొక్కా మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకున్నాడు. కారిడార్‌లో గోడవారగా నడిచాడు.

“అక్కా, సార్‌ని ఒక్క నిమిషం చూడచ్చా?”

“సార్ మీటింగులో ఉన్నారు తమ్ముడూ.”

పదకొండేళ్ళుగా చెప్పిన మాట. నోరు దానంతటదే చెప్పింది. సగం తెరిచిన తలుపు లోపల కౌన్సెలర్ పేపరు తిరగేసిన చప్పుడైంది. తాళాలాయన తలుపు వైపు చూశాడు. ఆయమ్మ లేచి, గడియ దగ్గర పట్టుకుని, తలుపు దగ్గరగా వేసింది.

“లిస్టులో మా పిల్ల పేరు లేదంట. అన్నం తినలేదు రాత్రి. నేనన్నా, పెద్దమ్మ చెప్పింది కదే, రాకుండా ఎట్టా ఉంటది, ఎక్కడో పొరపాటు జరిగుంటదని. పొరపాటేగా అక్కా?”

“అయ్యుంటుంది.”

“అదే నేనూ అన్నా. ఏదో పుస్తకంలో రాయాలంటగా?”

ఆమె పుస్తకం చూపించింది. అతను పెన్ను పట్టుకున్నాడు. దారం పొట్టిది కావడంతో వంగాల్సి వచ్చింది. పేజీ మీద కొంతసేపు చూశాడు.

“నాకు సంతకం తప్ప రాయడం రాదక్కా. నీకు తెలుసుగా సంగతంతా, నువ్వే పద్ధతిగా రాసి పెట్టు.” పేజీ పైన నాలుగు గీతలు వదిలి, అయిదో గీత మీద ఒక్కో అక్షరం దించి సంతకం పెట్టాడు. “గిరాకీని కూర్చోబెట్టి వచ్చా. నేనుండాలా?”

“అక్కర్లేదు.”

“నువ్వు చూసుకుంటావుగా. ఉంటా మరి.”

వచ్చినట్టే గోడవారగా వెళ్ళిపోయాడు.

ఆయమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. నాలుగు ఖాళీ గీతలు, కింద సంతకం. పేజీ చింపితే తెలిసిపోతుంది, పేజీలకి నంబర్లున్నాయి. ఖాళీగా వదిలేస్తే సంతకం ఎందుకుందని అడుగుతారు. రాయడానికి ఒక్క వాక్యం చాలు. మా అమ్మాయికి నలభై ఏడు వచ్చాయి, దయచేసి చూడగలరు. రాసి ఉన్నదాన్ని ఆయన కొట్టేయలేడు. ఆ పుస్తకం లిస్టుతో పాటే హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్తుంది.

మూడున్నరకి కూతురు వచ్చింది.

“అమ్మా, తన పేరు తీసేశారు. పొద్దుట్నుంచి ఏడుస్తోంది. నువ్వు చెప్పవా ఎవరికైనా?”

“చెప్తాలే.”

“ఇవాళే చివరి రోజంట.”

“చెప్తానన్నాను కదా. క్లాసులో లేకుండా ఇక్కడేం పని నీకు? వెళ్ళు!”

పిల్ల ఉలిక్కిపడి చూసింది. ఆ గొంతు ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఆ కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్న ప్రతి పిల్లా విన్నదే. వెళ్ళిపోయింది.

నాలుగింటికి అయిదు నిమిషాలు ఉండగా ఆయమ్మ దారం లాగి పెన్ను అందుకుంది. రాసింది ఒక్క గీతలో పట్టింది. మిగతా మూడు గీతలనీ అడ్డంగా కొట్టేసింది, ఎవరూ ఇంకేమీ చేర్చకుండా.

బెల్లు మోగింది. కౌన్సెలర్ సంచీ సర్దుకుంటున్నాడు.

“ఏమైనా వచ్చాయా?”

“ఒకటి సార్.”

ఆయన చెయ్యి సంచీ మీద ఆగింది. పుస్తకం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పైకి చదివాడు.

“‘లిస్టు చూసుకున్నాను. నాకు ఎలాంటి అభ్యంతరం లేదు.’”

సంతకం చూశాడు. దాని పైనున్న వాక్యాన్ని మళ్ళీ చూశాడు. బీరువా నిండా ఉన్న ఫైళ్ళ మీద పేర్లు రాసింది ఆయమ్మే. ఆ రాత రోజూ ఆయన కళ్ళ ముందు ఉండేదే. ఆయన పుస్తకం మూయలేదు, ఆమె వైపు చూశాడు. ఆమె నేల చూడలేదు. ఆయన మొహంలోకే చూసింది. అక్కడ తనకి అలవాటైనదేదో కనబడింది. ఇన్నేళ్ళూ స్టూలు మీద కూర్చుని తను ఆయన్ని చూసిన చూపు అది.

“చేతిరాత బాగుంది,” అన్నాడు కౌన్సెలర్. పుస్తకం మూసి ఆమెకిచ్చాడు. “వచ్చే వారం పదో తరగతి ఫైళ్ళు మొదలుపెడదాం.”

“అలాగే సార్,” అంది ఆయమ్మ.